ఒంటితీగె పాట: వియత్నాము దేశపు వాద్యములు

వియత్నామను పేరు వినగానే మన పెద్దలకు జ్ఞాపకము వచ్చునది యుద్ధము. 1975వ సంవత్సరమున ముగిసిన యా యుద్ధమును గూర్చి వారు ఏండ్ల తరబడి వార్తాపత్రికలలో చదివియుండిరి. విద్యార్థులమైన మాకో, అది భూగోళ పటమున చైనాకు దక్షిణముగా సముద్రతీరము వెంబడి సన్నగా సాగియుండు నొక దేశము. దాని రాజధాని హనోయి యనియు, ముఖ్యమైన పంట వరి యనియు నేర్చుకొంటిమి. కాని యా దేశపు ప్రజలు ప్రొద్దు క్రుంకిన పిదప తమ వాకిండ్లలో గూర్చుండి యేమి వాయింతురో, యేమి విందురో మేమెన్నడును తలచి యుండలేదు. ఒక జనమును వారి యుద్ధములవలన తెలిసికొనుట యొక విధము; వారి పాటవలన తెలిసికొనుట వేరొక విధము. ఈ సంవత్సరము మా సంగీతోపాధ్యాయులవారు వారమున కొకసారి ఆ దేశపు వాద్యముల ధ్వనిముద్రణలను మాకు వినిపించి, వాటి నిర్మాణమును వివరించిరి. అందు మాకు మిక్కిలి నచ్చిన సంగతులను, వాటివలన మాకు కలిగిన యొక యాలోచనను చదువరుల యెదుట నుంచుచున్నాము.

మొట్టమొదట చెప్పదగినది 'దాన్ బౌ' అను వాద్యము. 'దాన్' అనగా తంత్రీవాద్యము, 'బౌ' అనగా సొరకాయ. దీనికి ఒక్కటే తీగె. ఇంచుమించు ఒక మీటరు పొడవుగల సన్నని పెట్టె. దాని యొక చివర వెదురుతో గాని కొమ్ముతో గాని చేసిన వంగెడు పుల్ల యొకటి నిలువుగా నుండును. ఆ పుల్ల చిన్న సొరబుర్రలోనుండి పోవును. తీగె నొకవైపున దీనికి కట్టి, పెట్టె రెండవ చివర బిగింతురు. మన యేకతారకును ఒక్కటే తీగె గదా యని తలపవచ్చును. కాని యేకతార పాడువానికి శ్రుతి నిచ్చి యూరకుండును. దాన్ బౌ తానే పాడును. వాయించువాడు కుడిచేతిలోని సన్నని పుల్లతో తీగెను మీటుచు, ఆ క్షణముననే అరచేతి యంచుతో దానిని మెల్లగా తాకి, వెంటనే విడుచును. అప్పుడు తీగె యొక్క మొదటి నాదము అణగి, దానిలో దాగియున్న స్వయంభూస్వరము చిన్న గంటవలె స్వచ్ఛముగా వెలువడును. ఎడమచేయి పుల్లను వంచుచుండును. తీగెవైపునకు వంచినచో తీగె సడలి స్వరము దిగును. ఆవలికి లాగినచో బిగిసి స్వరము హెచ్చును. మనుష్యుని కంఠమువలె స్వరము నుండి స్వరమునకు జారుటయు, వణకుటయు, నిట్టూర్చుటయు నీ విధముగా నొక్క తీగెకు సాధ్యమగుచున్నది.

ఇది మేము ఊరక నమ్మలేదు. వడ్రంగపు పనిగదిలో నొక పలక తీసికొని, రెండు మేకుల నడుమ 90 సెంటీమీటర్ల పొడవున ఉక్కుతీగె బిగించి పరీక్షించితిమి. సరిగా సగమున, అనగా 45 సెంటీమీటర్లకడ తాకి మీటగా పైస్థాయి షడ్జము పలికెను. మూడవవంతున, 30 సెంటీమీటర్లకడ, దానిపై పంచమము వినబడెను. 22 1/2 కడ ఇంకను పైస్థాయి షడ్జమును, 18 కడ అంతరగాంధారమును వినవచ్చెను. వ్రేలు ఒక్క సెంటీమీటరు తప్పినచో తీగె మూగవోయెను. పిమ్మట నొక మేకు తీసివైచి దానికి బదులు వెదురుబద్ద నిలిపి వంచి చూచితిమి. పలక నుండి వచ్చిన నాదము బహు సన్నము. చూచుచున్న యిరువది మందియు ఊపిరి బిగబట్టినగాని వినరాలేదు. పూర్వము కన్నులు లేని గాయకులు సంతలలోను వీథులలోను దాన్ బౌ వాయించి బ్రతుకుచుండిరట. ఇప్పుడు సభలయందు దానికి విద్యుద్యంత్రము తగిలించి నాదమును హెచ్చించుచున్నారు గాని, పుట్టుకచే నది దగ్గర కూర్చుండి వినువారి కొరకైన వాద్యము. తీగె బిగువు మార్చి స్వరమును మార్చు నుపాయము మన దేశమునందును కలదు. తెలంగాణమున ఎల్లమ్మకథ చెప్పువారి చేతనుండు జమిడికలో, తోలుమూతకు గట్టిన నరమును లాగుచు సడలించుచు మీటుదురు. దానిని గూర్చి ముందు మరల చెప్పెదము.

వియత్నాము మధ్యభాగమునందలి కొండసీమలలో జరాయి, బహ్నార్, సెదాంగ్, మ్నోంగ్ మొదలగు జాతులవారు కలరు. వారి వాద్యములలో పెక్కింటికి మూలము చుట్టునున్న యడవియే. 'ట్రుంగ్' అనునది వరుసగా వ్రేలాడగట్టిన వెదురుగొట్టములు. ఒక కొనను కణుపు మూసియుండగా, రెండవ కొనను ఏటవాలుగా కోయుదురు. పొడవైన గొట్టము మంద్రముగాను, పొట్టిది తారముగాను పలుకును. 'క్లోంగ్ పూట్' ఇంకను వింతయైనది. సెదాంగ్ స్త్రీలు వరుసగా పరచిన వెదురుగొట్టముల మూతులకడ వంగి, గొట్టమును తాకకయే చేతులు చరతురు. దోసిట నుండి దూసిపోవు గాలియే లోపల మ్రోగును. చేలమీద వ్రాలు పక్షులను తోలుటకు సెలయేటి నీటిచే తమంతట తామే మ్రోగు వెదురుసాధనములను గూడ ఆ సీమవారు కల్పించిరి. 1949వ సంవత్సరమున ఎందుత్ లియెంగ్ క్రాక్ అను గ్రామముకడ బాట వేయుచున్న కూలీలకు భూమిలో 11 రాతిపలకలు దొరకెను. అప్పుడచ్చట జనజీవనమును పరిశీలించుచున్న జార్జి కొండొమినా అను ఫ్రెంచి పండితుడు వాటిని చూచి, అవి స్వరములు పలుకునట్లు చెక్కబడిన వాద్యమని గ్రహించెను. ఎవరు చెక్కిరో యెవరును చెప్పజాలరు. తట్టి వినువాడు వచ్చువరకు అవి రాళ్లే.

ఆ కొండజాతులవారికి ప్రాణప్రదమైనది కంచుగంటల మేళము. ఒక్కొక్క గంటకు ఒక్కొక్క స్వరము. ఒక్కొక్క మనుష్యునికి ఒక్కొక్క గంట. కావున ఎంతటి నేర్పరియైనను ఒంటిగా పాట వాయింపలేడు. తన యిరుప్రక్కలవారిని చెవియొగ్గి వినుచు, తన వంతు వచ్చిన క్షణమున గంట కొట్టి, మరల వినుచుండవలెను. శిశువు పుట్టినది మొదలు సమాధి కట్టువరకు, కొత్తధాన్యపు పండుగకును, ఇల్లు కట్టుటకును ఈ మేళము మ్రోగును. గంటలను పోతపోయువారు పెక్కుచోట్ల పల్లపుసీమవారే. కొండవారు వాటిని కొని తెచ్చి, సుత్తితో మెల్లగా తట్టుచు తమ చెవికి తగినట్లు శ్రుతి చేసికొందురు. మంచి గంటకు ఎనుబోతులను వెలయిచ్చిన దినములు కలవు. ఐక్యరాజ్యసమితికి చెందిన యునెస్కో సంస్థ 2005వ సంవత్సరమున ఈ గంటల సంస్కృతిని మానవజాతి యంతటికిని చెందిన వారసత్వముగా ప్రకటించెను.

పల్లపుసీమలో కంచు చరిత్ర ఇంకను పురాతనము. 1893లో దొరకిన ఙోక్ లూ డోలు రెండువేల యేండ్లకు పైబడినది. 63 సెంటీమీటర్ల యెత్తు, 79 సెంటీమీటర్ల వెడల్పు గలిగి, నడుమ 14 కోణముల నక్షత్రమును, చుట్టును పక్షులును, లేళ్లును, ధాన్యము దంచువారును చిత్రింపబడియున్న యీ డోలు నేడు హనోయి నగరపు చరిత్ర ప్రదర్శనశాలలో నున్నది.

ఇట్టి ప్రాచీన సంపద గలవారయ్యు, వియత్నామువారు పరదేశములనుండి వచ్చినదానిని త్రోసివేయలేదు. పదునారు తీగెల 'దాన్ ట్రాన్'కును, నాలుగు తీగెల 'దాన్ టీ బా'కును చైనా దేశపు వాద్యములతో చుట్టరికము కలదు. ఇక 'ట్రోంగ్ కోమ్' అను మద్దెల మనకు ఆప్తబంధువు. ఆ పేరునకు అన్నపుడోలు అని యర్థము. రెండుమూతుల నడుమను ఉడికిన యన్నపు ముద్ద నంటించి శ్రుతి చేయుదురు. మన మృదంగపు ఎడమమూతికి రవ్వముద్ద పెట్టుట చూచినవారెవరును దీనిని చూచి చిరునవ్వు నవ్వక మానరు. ఇది చంపా రాజ్యము ద్వారమున అచ్చటికి చేరినదని పండితులు చెప్పుదురు. నేటి వియత్నాము మధ్యతీరమున విలసిల్లిన యా రాజ్యమువారు సంస్కృతమున శాసనములు చెక్కించిరి. మీ సోన్ అనుచోట శివాలయములు కట్టించిరి. కడపట వచ్చినది ఐరోపావారి గిటారు. దక్షిణ వియత్నామువారు 20వ శతాబ్దపు పూర్వార్ధమున దాని మెట్ల నడుమనున్న కొయ్యను గుల్లగా తొలిచిరి. వ్రేలితో తీగెను ఆ గుంటలోనికి నొక్కినచో స్వరము సాగి గమకము పలుకును. పరాయి వాద్యము నట్లు తమ నుడి పలికించుకొనిరి. మనవారును వయొలిను విషయమున ఇట్లే చేసిరి గదా! విజయనగర సంగీత కళాశాలకు అధ్యక్షులైన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి (1893–1964) చేతిలో ఆ వాద్యము పూర్తిగా మనదియే యయ్యెను.

మా మనస్సున మిక్కిలి నాటినది ఉత్తరదేశమునందలి 'కా ట్రూ' అను గానము. దీనికి ముగ్గురు కావలెను. ఒక స్త్రీ నేల గూర్చుండి, వెదురుపలకపై చిన్న కొయ్యపుల్లలతో తాళము వేయుచు పాడును. ఆమె ప్రక్కన నొకడు 'దాన్ దాయ్' వాయించును. దానికి పొడవైన మెడయు, మూడు తీగెలును, వెనుక మూతలేని పెట్టెయు నుండును. మూడవవాడు పాడువాడును కాడు, మేళగాడును కాడు, శ్రోత. అతని చేతికొక చిన్న డోలు నిత్తురు. పాట బాగున్నచోట అతడు డోలు కొట్టి మెప్పు తెలుపవలెను. మెప్పు తప్పుచోట పడెనా, అతనికి పాట తెలియదని సభకంతకు తెలిసిపోవును! అనగా వినుట యచ్చట సోమరిపని కాదు, నేర్చుకొనవలసిన విద్య. పూర్వము శ్రోతలు మెప్పుగా వెదురుబిళ్లల నిచ్చుచుండగా, గాయని వాటిని లెక్కించి పిదప సొమ్ము పుచ్చుకొనెడిదట.

1945 తరువాత ఈ గానమునకు గడ్డుకాలము వచ్చెను. నగరములలోని గానగృహములకు చెడ్డపేరు వచ్చియుండుటచే జనులు గానమునే యేవగించుకొనిరి; పిమ్మట యుద్ధములు వచ్చెను. గాయనులు కొందరు తాము గాయనులమని చెప్పుకొనుటకే వెరచిరి. తీగెలు తెగలేదు, కంఠములు పోలేదు; డోలు పట్టువాడు లేచిపోయెను. 2009లో యునెస్కో దీనిని అత్యవసరముగా కాపాడదగిన కళల పట్టికలో చేర్చెను. అప్పటికి మిగిలియున్న వృద్ధుల కడకు యువకులు పోయి నేర్చుకొనుటచే అది మరల వినబడుచున్నది. హ్యూ నగరపు ఆస్థానసంగీతమునకును 1945లో రాజరికము ముగియగానే ఇట్టి గతియే పట్టెను. ట్రాన్ వాన్ ఖే (1921–2015) అను విద్వాంసుడు తన దేశసంగీతమును గూర్చి పారిసు నగరమున పరిశోధన చేసి 1958లో పట్టము పొంది, తన జీవితమంతయు లోకమున కా సంగీతమును వినిపించుటకే వినియోగించెను.

ఇవి యన్నియు విన్న పిదప మాకు మన జమిడిక జ్ఞాపకము వచ్చెను. మాలో నొకని గ్రామమున జమిడిక కథ చెప్పు వృద్ధుడు కలడు. సెలవులలో మేమైదుగురము పోయి ఆయన కథ వింటిమి. రెండు గంటలు చెప్పెను. వాకిట మేమును, ఆయన మనుమరాలును దప్ప వేరెవరును లేరు. "తాతా, ఈ విద్య మీ వాళ్లకు నేర్పలేదా?" అని యడిగితిమి. ఆయన నరము సడలించి, వాద్యమును ఒడిలో పెట్టుకొని, "నేర్పటానికేముంది నాయనా, నేర్పుతా. వినేవాళ్లేరీ?" అనెను. మేము బదులు చెప్పలేకపోతిమి.

అందుచే ప్రధానోపాధ్యాయులవారికి మేమొక మనవి చేసికొంటిమి. రాబోవు వార్షికోత్సవమున నాటకమునకు ముందు ఒక గంటకాలము ఆ వృద్ధుని కథకు కేటాయింపవలెనని కోరితిమి. వారు దయతో నంగీకరించిరి. నాదము హెచ్చించు యంత్రము పెట్టవలదని మాత్రము మా కోరిక. తలిదండ్రులును, ఉపాధ్యాయులును కొంచెము ముందుగా విచ్చేసి, ముందువరుసలలో దగ్గరగా కూర్చుండ ప్రార్థించుచున్నాము.