తాతయ్య వేసిన దారి

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు మా చింతాద్రిపేట వీధిలో మోకాలి లోతు నీళ్ళు. కరెంటు లేదు, ఇంట్లో పాలు లేవు. తాతయ్య గొడుగు తీసుకొని బయలుదేరారు. నేనూ వెంటపడ్డాను. వాన పడుతున్నా ఆయన గొడుగు తెరవలేదు. మడిచి పట్టుకొని, దాని మొనతో నీళ్ళ అడుగున నేలను ఏటవాలుగా గుచ్చి చూస్తూ ఒక్కో అడుగే వేశారు. డ్రైనేజీ మూతలు ఎక్కడ తెరిచి ఉన్నాయో కనపడదు కదా! "నేను కాలు పెట్టిన చోటే పెట్టమ్మా, తొందర లేదు" అన్నారు. పాల కొట్టుకు అయిదు నిమిషాల దారి. ఆరోజు అరగంట పట్టింది. నాకు ఒకటే విసుగు.

మా తాతయ్య సైన్యంలో పనిచేశారు. మద్రాస్ సాపర్స్ అంటారు. వాళ్ళ కేంద్రం బెంగుళూరులో అలసూరు చెరువు పక్కన ఉంది. 1780లో మొదలైన దళం అది. అందులోని జవాన్లను అందరూ "తంబి" అని పిలుస్తారట. తెలుగువాళ్ళయినా సరే తంబియే! ఈ మాట చెప్పి తాతయ్య నవ్వేవారు. యుద్ధం గురించి మాత్రం ఏమీ చెప్పేవారు కాదు. బడిలో స్నేహితులు "మీ తాత ఎంతమందిని కాల్చాడే?" అని అడిగితే ఇంటికొచ్చి అడిగాను. "నేను తుపాకీ కంటే కడ్డీనే ఎక్కువ పట్టుకున్నాను" అని మే డే పార్కుకు నడకకి వెళ్ళిపోయారు. నాకు అర్థం కాలేదు. స్నేహితులకు ఏం చెప్పాలో తెలీక ఊరుకున్నాను.

మరుసటి మార్గళి నెలలో తాతయ్య పోయారు. అవ్వ పెన్షన్ కాగితాల కోసం నాన్న ఆయన నల్ల ట్రంకుపెట్టె తెరిచారు. ఇంగ్లీషు కాగితాలన్నీ నాన్న చదివారు. అడుగున తాడుతో కట్టిన ఉత్తరాల కట్ట ఒకటి దొరికింది. అన్నీ తెలుగులో ఉన్నాయి. నాన్న చదివింది తమిళ మీడియం, ఆయనకు తెలుగు మాట్లాడడమే వచ్చు. అవ్వ బడికే వెళ్ళలేదు. అప్పట్లో పక్కింటి ఆవిడ చదివి వినిపించేదట. ఇద్దరూ నావైపు చూశారు.

నన్ను తెలుగు మీడియంలో చేర్చినప్పుడు ఇంట్లో పెద్ద గొడవ అయిందని అమ్మ చెప్పింది. తాతయ్య పట్టుబట్టి చేర్పించారు. మా వీధిలో పిల్లలంతా ఇంగ్లీషు మీడియం. అందుకు నాకు ఆయన మీద చాలా రోజులు కోపం ఉండేది. ఆరోజు మాత్రం ఆ కట్ట నా చేతికే ఇచ్చారు.

ఒక ఉత్తరం మీద 1971 డిసెంబరు అని ఉంది. ఊరి పేరు లేదు, "56 ఏ.పీ.ఓ." అని మాత్రమే ఉంది. గట్టిగా చదివాను. "ఇక్కడ చలి ఎక్కువ. నేను క్షేమం. మాకు దారి బాగుచేసే పని ఇచ్చారు. కష్టమేమీ లేదు. నువ్వు వేళకు తిను."

దారి పని అంటే ఏమిటో తర్వాత తెలుసుకున్నాను. ఆ డిసెంబరులో బసంతర్ నది దగ్గర శత్రువులు నేలంతా మందుపాతరలు పాతిపెట్టారు. మన ట్యాంకులు వాటిని దాటాలి. సాపర్లు గుళ్ళు కురుస్తుండగానే వాటిని వెతికి తీసి, ట్యాంకులకు సరిపడా దారి చేశారు. ఆ దారిన వెళ్ళినవారిలో పరమవీరచక్ర పొందిన అరుణ్ ఖేత్రపాల్ కూడా ఉన్నారు. డిసెంబరు 16న ఆయన చనిపోయేనాటికి వయసు 21 ఏళ్ళే. మందుపాతరను పైనుంచి నొక్కితే పేలుతుంది. అందుకే కడ్డీని నిటారుగా కాకుండా ఏటవాలుగా గుచ్చాలి. ఇది చదవగానే నాకు గొడుగు గుర్తొచ్చింది. చాలాసేపు ఏడ్చాను.

అవ్వకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. తాతయ్యే దాచిన మాట కదా. చివరికి, "అవ్వా, అది మామూలు రోడ్డు పని కాదు" అన్నాను.

అవ్వ పూలు కడుతోంది. తల ఎత్తలేదు. "తెలుసులే. రోడ్డు వేసేవాడు నిద్రలో 'ఆగు, కదలొద్దు' అని ఎందుకు అరుస్తాడు? ఆయన చెప్పలేదు, నేను అడగలేదు" అంది.

కాసేపయ్యాక మళ్ళీ అంది, "ఇంకా ఎన్ని ఉన్నాయే?"

లెక్కపెట్టాను. ఇంకా పదిహేడు ఉన్నాయి. అన్నీ ఒకేసారి వద్దంది, వారానికి ఒకటి చాలంది. ప్రతి శనివారం సాయంత్రం దీపం పెట్టాక చదువుతున్నాను.