పుత్తూరు కట్టు

1999 జూలై మొదటి వారంలో నా ఎడమ మణికట్టు విరిగింది. తిరుపతిలో ఆడపిల్లల కాలేజీలో బీఏ రెండో ఏడు చదువుతున్నాను. రోజూ వడమాలపేట నుంచి బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. మా ఫుట్‌బాల్ జట్టుకు పదకొండు మంది ఎప్పుడూ కుదిరేవాళ్లు కాదు. కబడ్డీ నుంచి నలుగురు, ఖోఖో నుంచి ముగ్గురు, ఊరికే చూడ్డానికొచ్చి ఆగిపోయినవాళ్లు ఇద్దరు. ఆ తొమ్మిది మందితోనే ఆట.

నేను గోల్‌కీపర్ని. "బంతి ఇట్లా పట్టుకోవడం ఎవరు నేర్పించారు?" అని పీడీ మేడం అడిగినప్పుడు మా మామిడితోట అని చెప్పాను. నాయన చెట్టెక్కి కాయ కోసి వదిలేవాడు, నేను కింద పట్టుకునేదాన్ని. బెంగళూర కాయకు దెబ్బ తగిలితే మండీలో రేటు పడిపోతుంది. అందుకే కాయ తాకేవేళకు చేతుల్ని దాంతోపాటే కిందికి, వెనక్కి తీసుకోవాలి. బంతిదీ అదే లెక్క.

ఆరోజు పక్కకు దూకాను. కింద గులకరాళ్ల నేల. బంతి చేతిలోనే ఉంది గానీ మణికట్టు వంకరపోయింది.

మా వైపు ఎముక విరిగితే వెళ్లేది పుత్తూరుకే. అక్కడ కట్లు కట్టే రాజుల కుటుంబం వాళ్లు పసరాకు ముద్ద పట్టించి, గుడ్డు తెల్లసొనతో గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి కట్టారు. ఇంటికొచ్చాక అవ్వ ఏడుపు. "చెయ్యిరిగిందంటే ఎవురు చేసుకుంటారే నిన్ను?" నాయన మాత్రం ఏమీ అనలేదు. ఆ మౌనమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

12వ తేదీ పొద్దున టీ అంగడి నుంచి పేపరు తెచ్చి నా ముందు పెట్టాడు. అమెరికాలో ఆడవాళ్ల ప్రపంచకప్ ఫైనల్. చూడ్డానికి 90,185 మంది వచ్చారట! మా ఆటకు వచ్చే జనం గోడమీద కూర్చునే పిల్లకాయలు. అమెరికా, చైనా రెండూ గోల్ చేయలేదు. పెనాల్టీల్లో అమెరికా 5-4తో గెలిచింది. అందరూ చివరి గోల్ కొట్టిన బ్రాండీ చాస్టెయిన్ గురించే మాట్లాడుకున్నారు. చైనా అమ్మాయి లియు యింగ్ కొట్టిన బంతిని ఆపిన బ్రియానా స్కరీ పేరును నేను కట్టు లేని చేత్తో నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ ఒక్క బంతీ ఆగకపోతే చివరి గోల్‌కు అంత విలువెక్కడిది? ఇప్పటికీ నాది అదే మాట.

మన ఆడపిల్లలు 1983లోనే బ్యాంకాక్‌లో ఆసియా ఫైనల్ దాకా వెళ్లి థాయ్‌లాండ్ చేతిలో ఓడారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ ముక్క అప్పుడే మాకెవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది! 2025 జూలైలో అదే థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డమీదే 2-1తో ఓడించినప్పుడు నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

మూడు కట్లయ్యాక బద్దలు తీసేశారు. చెయ్యి సన్నబడి, తెల్లబడి ఉంది. సాయంత్రం నాయన తోటకు రమ్మన్నాడు. అప్పటికి చెట్లమీద నీలం కాయలు నాలుగైదు మిగిలాయంతే. చెట్టెక్కి, ఒకటి కోసి చేతిలో పట్టుకుని, నావైపు చూశాడు.

"రెండు చేతులూ పెట్టు పాపా," అన్నాడు.