అత్త మణికట్టు, పుత్తూరు కట్టు

మా ఇళ్ళల్లో యాభై దాటిన ఆడవాళ్ళని ఎవరిని కదిలించినా "ఎముక తేయ్మానం" అంటారు. తిరుత్తణిలో ఉండే అత్తలదీ, తిరువళ్ళూరులో ఉండే పిన్నమ్మలదీ ఇదే మాట. ఇంట్లో తెలుగు మాట్లాడినా జబ్బుల పేర్లు మాత్రం అరవంలోనే వస్తాయి మనకు. మేము కన్నడ మీడియంలో చదివినవాళ్ళం, అక్కడ దీన్నే "మూళె సవెత" అంటారు. తెలుగులో అరుగుదల. మూడు భాషల్లోనూ ఒకటే ఊహ, తొడిగి తొడిగి చెప్పు అరిగినట్టు ఎముక కూడా అరిగిపోతుందని.

చిక్కంతా ఈ మాటతోనే. మోకాలి కీలు అరగడం ఒక జబ్బు. అది నొప్పి పెడుతుంది, మెట్లెక్కనివ్వదు, కాబట్టి అందరికీ తెలుస్తుంది. ఎముక లోపల గుల్లబారడం వేరే జబ్బు. డాక్టర్లు ఆస్టియోపోరోసిస్ అనేది దీన్నే. విరిగేదాకా ఇది సాధారణంగా నొప్పి పెట్టదు. మన ఆడవాళ్ళు రెండింటినీ ఒకే పేరుతో పిలిచి, మోకాలికి తైలం రాసుకుని, ఎముకలకి చెయ్యాల్సింది చేసేసినట్టే అనుకుంటారు.

మా అవ్వ తిరుత్తణికి కోడలుగా వచ్చినప్పుడు ఆ ఊరు ఇంకా చిత్తూరు జిల్లాలోనే ఉండింది. 1960లో సరిహద్దు మారి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. ఎత్తైన మనిషి అని చెప్తారు. మేము చూసేనాటికి నడుం వంగిపోయి, అటక మీది డబ్బా కూడా అందేది కాదు. "వయసైంది కదా" అని అందరూ అనేవాళ్ళు, అవ్వ కూడా అదే అనేది. వెన్నుపూసలు గుల్లబారి ఒకదాని మీద ఒకటి నలిగితే మనిషి అట్లా కురచ అవుతారని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. ఒక రాత్రి స్నానాల గదిలో జారి తుంటి ఎముక విరిగింది. ఎనిమిది నెలలు మంచంలోనే ఉండి పోయింది. "జారి పడి పోయింది" అనే ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎముక ముందే బలహీనపడి ఉండింది, జారడం తర్వాత జరిగింది. ఈ వరస తిరగేసి చెప్పుకోవడం వల్లే మా అత్త విషయంలోనూ ఆలస్యం అయ్యేది.

రెండేళ్ళ కింద మా పెద్దత్త తడి వాకిట్లో కాలు జారి చెయ్యి ఊనింది. మణికట్టు విరిగింది. ఎవరూ ఆలోచించలేదు, నేరుగా పుత్తూరు. తిరుత్తణి నుంచి నగరి మీదుగా గంట దారి. పుత్తూరు కట్టు గురించి మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ కట్టు. చెన్నైలో కూడా ఆ పేరుతో బోర్డులు కనపడతాయి. అత్త చెయ్యి అతుక్కుంది. మేము ఆ విద్యని తక్కువ చెయ్యం. అయితే తుంటి విరిగితే మాత్రం కట్టుతో కాదు, చాలామందికి ఆపరేషన్ కావాలి, అదీ ఆలస్యం లేకుండా.

చెయ్యి బాగయ్యాక అత్త ఆడి కృత్తికకి 365 మెట్లూ ఎక్కుతానని మొక్కుకుంది. అప్పుడే నర్సు పని చేసే మా చిన్న వదిన అడ్డం పడింది. "నిలబడిన ఎత్తు నుంచి పడితే గట్టి ఎముక విరగదు అత్తా, ఒక స్కాన్ తీయిద్దాం."

"విరిగింది అతుక్కుండాదే, ఇంకేం టెస్టు?" అనింది అత్త.

మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ప్రోగ్రాం పడిపోయిందని లేపి నిలబెట్టి, ఎందుకు పడిందో చూడకుండా ఫైలు మూసేసే మనుషులతో రోజూ తగువే. అందుకని మేము వదిన పక్షం. డెక్సా స్కాన్ అంటే ఎక్స్‌రే లాంటిదే, పదిహేను నిమిషాల పని. అందులో టీ స్కోర్ అని ఒక అంకె వస్తుంది. మైనస్ 2.5 గానీ అంతకంటే కిందికి గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన లెక్క. అత్త వెన్నుకి మైనస్ 3.1 వచ్చింది.

ఆ ఏడు కృత్తికకి అందరూ ఇంటికి వచ్చినప్పుడు, వంటయ్యాక పెద్దవాళ్ళని కూర్చోబెట్టి అడిగినాం, ఎముకలు గట్టిగా ఉండాలంటే ఏం చెయ్యాలని. జవాబులకి కొదవ లేదు. మేక కాళ్ళ సూపు తాగాలి, ఎముకకి ఎముకే బలం. నల్లేరు పచ్చడి తినాలి. కాల్షియం మాత్ర వేడి, కిడ్నీలో రాళ్ళు పడతాయి. ఎండలోకి పోతే నల్లబడతాం. బిడ్డల్ని కన్నప్పుడే ఉన్న బలమంతా పోయింది, ఇంక చేసేదేముంది.

నల్లేరుని సంస్కృతంలో అస్థిసంహారం అంటారు, విరిగిన ఎముకకి వాడే వాడుక పాతదే. పచ్చడి తినండి, మంచిదే, మందుకి బదులు మాత్రం కాదు. కాళ్ళ సూపులో రుచి ఎక్కువ, కాల్షియం తక్కువ. రాగుల సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ముట్లు ఆగినవాళ్ళకి రోజుకి 1200 కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్తుంది. మేము పెరిగిన చోట రోజూ ముద్దే. ఇక్కడేమో సంగటి లేనివాళ్ళ తిండి అని వదిలేసి, తెల్లన్నానికి మారినారు. పాల మాటకి వస్తే ఒక పిన్నమ్మ నవ్వుతా చెప్పింది: "గ్లాసు పాలు మగవాళ్ళకీ పిల్లోళ్ళకీ, మాకు కాఫీలోకి వచ్చిన చుక్కే." ఆ మాటకి అందరూ నవ్వినారు. మాకు నవ్వు రాలేదు.

ఇంకో సంగతి అందరూ వెళ్ళినాక అత్త మెల్లిగా చెప్పింది. 38 ఏళ్ళకే గర్భసంచి తీసేసినారంట, అండాశయాలతో సహా. ముట్లు ఆగినాక ఈస్ట్రోజెన్ తగ్గి ఎముక త్వరగా పలచబడుతుంది. అండాశయాలు తీసేస్తే ఆ తగ్గడం ఒక్కసారిగా, పదేళ్ళు ముందే వస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు అన్ని రాష్ట్రాలకంటే ఎక్కువగా ఉండింది ఆంధ్రప్రదేశ్‌లోనే. 15 నుంచి 49 ఏళ్ళవాళ్ళలో నూటికి సుమారు తొమ్మిది మంది. మీ ఇంట్లో ఎవరికైనా ఆ ఆపరేషన్ చిన్న వయసులో అయి ఉంటే, అండాశయాలు ఉన్నాయా తీసేసినారా అని కాగితాలు చూసి డాక్టరుకి చెప్పండి. ఆడవాళ్ళు తమంతట తాము చెప్పరు, అడిగితేనే చెప్తారు.

అత్తకి వారానికొక మాత్ర రాసినారు. పరగడుపున, గ్లాసు నిండా నీళ్ళతో మింగాలి, అరగంట పడుకోకూడదు, ఏమీ తినకూడదు. ఆ అరగంట కాఫీ లేకపోవడమే అత్తకి పెద్ద గండం. ఆదివారం పెట్టుకుంది. మాత్ర మింగి వాకిట్లో ఎండలో నడుస్తుంది, గడియారం చూసుకుంటా. మొక్కు సంగతికి వస్తే, కొండకి కారులో పోయి, కింది మెట్లు ఒక పాతిక మాత్రం కడ్డీ పట్టుకుని ఎక్కింది. "సామికి లెక్క తెలుసులే" అనింది.

ఇప్పుడు తిరువళ్ళూరు పిన్నమ్మ వంతు. వీరరాఘవస్వామి కోనేట్లో అమావాస్యకి బెల్లం కరిగిస్తే ఒంట్లో రోగం కరిగిపోతుందని ఆ ఊరి నమ్మకం, పిన్నమ్మ ఏళ్ళుగా మోకాళ్ళ కోసం వేస్తానే ఉంది. వెయ్యొద్దని ఎవరూ అనలేదు. ఆ మెట్లు మాత్రం పాచి పట్టి ఉంటాయి, ఎవరి చెయ్యైనా పట్టుకునే దిగమన్నాం. ఆమెకీ మూడేళ్ళలో రెండంగుళాలు ఎత్తు తగ్గింది, పాత రవికలు పొడుగైనాయని ఆమే చెప్పింది. స్కాన్‌కి రమ్మంటే "అమావాస్య పోనీ" అనింది. ఆ తర్వాతి గురువారానికి పేరు రాయించి పెట్టినాం. తోడు అత్త వస్తానంది.