ముమ్మిడివరం: గౌతమి పాయల నడుమ

అమలాపురం నుంచి యానాం మీదుగా కాకినాడ వెళ్లే 216వ నంబరు జాతీయ రహదారిపై ప్రయాణించేవారిలో చాలామంది ముమ్మిడివరంలో దిగరు. బస్సు ఆగిన కాసేపు కిటికీలోంచి కొబ్బరిబొండాల బండ్లను చూసి ముందుకు సాగిపోతారు. కోనసీమలోని ఈ చిన్న పట్టణంలో కోటలు లేవు, రాజప్రాసాదాలు లేవు. ఇక్కడ చూడవలసింది నీటిని. ఆ నీటిని దాటడానికి, మళ్లించడానికి, తట్టుకోవడానికి తరతరాల మనుషులు పడిన పాట్లను.

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ అనే రెండు పాయలవుతుంది. వాటికీ సముద్రానికీ నడుమనున్న నేలే కోనసీమ. గౌతమి నుంచి విడివడిన వృద్ధ గౌతమి ముమ్మిడివరం పొలిమేరలో ప్రవహిస్తుంది. దాని ఆవలి ఒడ్డు ఐ.పోలవరం మండలం. ఆ ‘ఐ’ ఏమిటని కొత్తవారు అడుగుతుంటారు. ఐలాండ్, అనగా ద్వీపం. చుట్టూ నదీపాయలున్న ద్వీపానికి నీటి కరువేమిటని అనిపించవచ్చు. కాని సముద్రపు పోటు వచ్చినప్పుడు ఈ పాయల్లోకి ఉప్పునీరు ఎగదన్నుతుంది. అది చేనుకు పనికిరాదు, దాహం తీర్చదు. అందుకే అన్నంపల్లి వద్ద పాయ మీదుగా అక్విడెక్టు కట్టి మంచినీటి కాలువను ఆవలికి దాటించారు. కింద నది, పైన కాలువ. ఈ ప్రాంతంలో మాకు అన్నిటికంటె నచ్చిన దృశ్యం ఇదే. ఏ పర్యాటక పుస్తకమూ దీనికి పెద్దపీట వేయదు.

ఈ కాలువలన్నిటికీ మూలం ధవళేశ్వరం ఆనకట్ట. సర్ ఆర్థర్ కాటన్ దాని నిర్మాణాన్ని 1847లో ప్రారంభించి 1852లో పూర్తిచేయించాడు. అంతకుముందు 1833 నాటి కరువు, 1839 నాటి కోరంగి తుపాను ఈ తీరాన్ని ఛిన్నాభిన్నం చేశాయి. నీరు వచ్చాక పంటలు పండాయి, కొబ్బరితోటలు పెరిగాయి. అయితే నీటిని తేవడం ఒక ఎత్తు, దాన్ని బయటికి పంపడం మరొక ఎత్తు. పళ్లెంలాంటి ఈ నేలలో మురుగు కాలువలు పూడిపోతే వానాకాలపు నాట్లు రోజుల తరబడి నీటిలో నానుతాయి. మునక ఒకవైపు, గిట్టని ధర మరొకవైపు వేధించగా కోనసీమ రైతులు 2011 ఖరీఫ్‌లో పంట విరామం ప్రకటించారు. అన్నపూర్ణ అని పేరుపడిన నేలలో రైతు తనంతట తానే నాగలిని పక్కన పెట్టడం చిన్న విషయం కాదు. చాలా ఇళ్లనుంచి స్త్రీపురుషులు గల్ఫ్ దేశాలకు పనికోసం వెళ్లడం వెనుక కూడా ఇలాంటి లెక్కలే ఉన్నాయి.

1996 నవంబరు 6 రాత్రి సంగతి ఇక్కడి పెద్దలు నేటికీ తేదీతో సహా చెబుతారు. ఆ తుపానులో వేయిమందికి పైగా మరణించారు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి మత్స్యకార గ్రామాల్లో వేటకు వెళ్లి తిరిగిరానివారెందరో. కొబ్బరిచెట్లు లక్షల్లో నేలకూలాయి. మొక్క నాటి కాయ దింపడానికి ఏళ్లు పట్టే పంట అది. ఇల్లు ఏడాదిలో లేస్తుంది, తోట లేవదు.

ముమ్మిడివరం పేరు వినగానే బయటివారికి బాలయోగి గుర్తుకు వస్తారు. ఇక్కడ చిన్న తికమక ఉంది. యుక్తవయసులోనే తపస్సుకు కూర్చుని 1985లో మరణించిన బాలయోగి వేరు. శివరాత్రినాడు ఆయన దర్శనానికి జనం పెద్దఎత్తున వచ్చేవారు. లోక్‌సభ స్పీకరుగా పనిచేసిన జి.ఎం.సి. బాలయోగి వేరు. దళిత కుటుంబంలో పుట్టిన ఈయన ఒకప్పుడు ముమ్మిడివరం శాసనసభ్యులు. 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో మరణించారు. ఎదుర్లంక, యానాంల మధ్య గౌతమిపై అదే ఏడాది అందుబాటులోకి వచ్చిన వారధికి ఆయన పేరే పెట్టారు. అంతవరకు కాకినాడ వెళ్లాలంటే రేవులో పంటు కోసం నిరీక్షించవలసిందే. వరదొస్తే ఆ దారీ మూతపడేది. ఆసుపత్రికి తీసుకువెళ్లే రోగికైనా, కాన్పుకు వెళ్లే తల్లికైనా నది ఒప్పుకుంటేనే ప్రయాణం.

వారధి దిగితే యానాం. ఫ్రెంచివారి పాలనలో 1954 వరకు ఉన్న ఈ పట్టణం నేడు పుదుచ్చేరిలో భాగం. బాల్యవివాహాలను నిరోధించిన 1929 నాటి శారదా చట్టం ఫ్రెంచి నేలకు వర్తించదు కనుక, చుట్టుపక్కల జిల్లాల పెద్దలు తమ పసిపిల్లలను ఏరు దాటించి ఇక్కడ పెళ్లిళ్లు జరిపించారు. అలా యానాంకు కల్యాణపురమన్న పేరు వచ్చింది. పేరు అందమైనదే గాని, వెనుక ఉన్న పని అందమైనది కాదు.

వరద కాలంలో వెళితే పులస దొరుకుతుంది. సముద్రంలో ఉన్నంతకాలం అది ఇలస. ఎర్రనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత. ధర విన్నాక సామెత అతిశయోక్తి కాదని తెలుస్తుంది. కుటుంబసమేతంగా వెళ్లేవారు డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ప్రయాణం పెట్టుకోవడం మేలు. పులస దొరకదు గాని ఎండ బాధ ఉండదు. యానాంలో మసీదు ఉంది కనుక నమాజుకు ఇబ్బంది లేదు. అన్నంపల్లి వద్ద బండి ఆపి, అక్విడెక్టు గట్టుపై కొంతసేపు నిలబడండి. పిల్లల చేయి మాత్రం వదలకండి.