వెల్లకిల ఈత

ఈతకు మించిన లోతు లేదని సామెత. బందరు కాలువ గట్టున పెరిగినవాణ్ణి గనుక ఆ సామెత నాకోసమే పుట్టిందని చాలాకాలం అనుకొన్నాను. వంతెన మీదినుంచి దూకటం, ప్రవాహానికి అడ్డంపడి అవతలి గట్టు చేరటం, అలసిపోతే వెల్లకిలా పడుకొని నీళ్ళు ఎటు తీసుకుపోతే అటు పోవటం - చిన్నతనంలో ఇదీ మా చదువు. ఆ చదువుకు గురువూ లేడు, పరీక్షా లేదు.

నలభై దాటాక నడుం పట్టింది. గంటలకొద్దీ నిలబడి పాఠాలు చెప్పే ఉద్యోగమాయె! డాక్టరుగారు ఈత కొట్టమన్నారు. అందులోనూ వెల్లకిల ఈత అయితే మంచిదన్నారు. అదెంత పని అనుకొని, కిందటి వేసవిలో బెజవాడలో ఒక ఈతకొలనులో చేరాను. ఈ ఊరు నీళ్ళ ఊరు. 1850 ప్రాంతాల్లో కృష్ణకు ఆనకట్ట కట్టారు; దాని స్థానంలో 1957లో ప్రకాశం బారేజీ వచ్చింది. అక్కడినుంచి బయలుదేరిన కాలువలు ఊరి నడిమధ్యగా పోతాయి. "ఇన్ని నీళ్ళున్న ఊళ్ళో డబ్బిచ్చి నీళ్ళలో దిగటమేమిట్రా?" అని మా అమ్మ నవ్వింది.

ఉదయం ఆరు గంటలకు వెళ్ళేసరికి కొలను సంతలా ఉంది. బడులకు సెలవులు. పాతిక మీటర్ల కొలనును తాళ్ళతో ఆరు దారులుగా విడదీశారు, వాటిని లేన్లంటారు. పోటీల కొలనులో ఒక్కొక్క లేను రెండున్నర మీటర్ల వెడల్పుంటుంది. అక్కడ లేనుకు ఒక్కరే. మా లేనులో మేము ఎనిమిదిమందిమి! అందుకని అందరూ రోడ్డుమీద బళ్ళలాగా ఎడమవైపున వెళ్ళి, అవతలి గోడ తాకి, మళ్ళీ తమ ఎడమవైపునే తిరిగి రావాలి. గానుగెద్దు తిరిగినట్లు ఒక చుట్టు అన్నమాట. కొన్ని కొలనుల్లో కుడివైపు ఆనవాయితీ. దిగేముందు అడిగి తెలుసుకోవాలి.

మూడోరోజున జరిగిందా పని. బోర్లా ఈదినంతసేపూ తాడును ఎడమచేతివైపు ఉంచుకొనే వెళ్ళాను. వెల్లకిలా తిరిగాక కూడా తాడును ఎడమచేతివైపే పెట్టుకొని, తాటిమట్టల్లాంటి చేతులు బారజాపి కాలువలో వేసినట్లే బారలు వేశాను. నా చెయ్యి దేనికో గట్టిగా తగిలింది. లేచి చూస్తే పదేళ్ళ కుర్రవాడు; ముక్కునుంచి రక్తం. బెంచీమీద కూర్చున్న వాళ్ళమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఫరవాలేదులెండి మాస్టారూ, చిన్న దెబ్బే" అన్నది పాపం. కాని మర్నాడు ఆ పిల్లవాడు గట్టుమీద కాళ్ళు వేలాడేసుకొని కూర్చున్నాడే గాని నీళ్ళలోకి దిగలేదు. ఆ మరునాడూ దిగలేదు. నా నడుం నొప్పికంటె అది ఎక్కువ బాధపెట్టింది.

కోచ్‌గారు నాకంటె పదేళ్ళు చిన్న. నన్ను పక్కకు పిలిచి, "తాడు ఏ చేతివైపు ఉంది మాస్టారూ?" అని అడిగాడు. ఎడమవైపేనని ధీమాగా చెప్పాను. "బోర్లా ఉన్నప్పుడు ఎడమచేతివైపు ఉన్న తాడు, వెల్లకిలా తిరిగితే కుడిచేతివైపుకు రావాలి గదండీ!" అన్నాడు. ఇంటికి వెళ్ళి మంచంమీద అటూ ఇటూ దొర్లి చూసుకొన్నాను. నిజమే! ఆ రోజు నేను ఎదురుదారిన వెళ్ళానన్నమాట.

రెండోమాట ఇంకా ఘాటుగా చెప్పాడు: "మీది ఈత కాదండీ, తేలటం." నా పౌరుషం దెబ్బతిన్నది. 1900లో పారిస్ ఒలింపిక్సులో వెల్లకిల ఈత పోటీ సీన్ నదిలోనే జరిగిందని చెప్పాను. అతను నవ్వి, 1912లో స్టాక్‌హోంలో అమెరికావాడు హెబ్నర్ ఒక చెయ్యి తరవాత ఒక చెయ్యిగా బారలు వేసి నెగ్గిన సంగతి చెప్పాడు. ఇక నేర్చుకోక తప్పలేదు.

చెవులు నీళ్ళలో మునగాలి; చూపు నిట్టనిలువుగా పైకి ఉండాలి. తల కదలకూడదు, భుజాలు మాత్రం ఇటొకసారి అటొకసారి పొర్లాలి. తుంటి దిగబడకూడదు. మోకాళ్ళతో సైకిలు తొక్కినట్లు కాక, కాలు మొదటినుంచీ ఆడించాలి. చెయ్యి నీళ్ళలోంచి లేచేటప్పుడు బొటనవేలు ముందు, దిగేటప్పుడు చిటికెనవేలు ముందు. అదీ భుజానికి సూటిగా దిగాలి. లోపల మోచెయ్యి వంచి, నీటిని తొడవైపుకు నెట్టాలి. నేను చేతులు పక్కలకు చాపినందువల్ల సగం బలం వృథా. పైగా పక్కవాడికి దెబ్బ. చెయ్యి సరిగ్గా దిగితే నా ఈతా బాగుపడుతుంది, ఇతరులకు చోటూ మిగులుతుంది.

మా కొలనుకు కప్పులేదు. ఆకాశంలో మబ్బును గురిపెట్టుకొంటే మబ్బుతోపాటే వంకరపోతాం. కంటికొసన తాడు కనిపిస్తూ ఉండటమే గుర్తు. గోడకు అయిదు మీటర్ల ఇవతల, తలపైన, రంగుజెండాల తోరణం ఉంటుంది. అది కనిపించినప్పటినుంచి బారలు లెక్కపెట్టాలి. నాకు ఆరు. రెండుసార్లు తల బొప్పి కట్టాక లెక్క కుదిరింది. ముందువాడు బయలుదేరాక పదంకెలు ఆగటం, గోడ దగ్గర మూలకు ఒదిగి వేగంగా వచ్చేవాళ్ళకు దారి ఇవ్వటం కూడా అలవాటయ్యాయి.

పదిరోజుల తరవాత ఒక ఉదయం, గట్టుమీద కుర్రవాడు నా బారలు చాలాసేపు చూశాడు. నేను గోడ దగ్గర ఆగినప్పుడు మెల్లగా నీళ్ళలోకి జారాడు.

"మాస్టారూ, నేను ముందు వెళ్తానండీ. మీరు పదికాదు, ఇరవై లెక్కపెట్టి రండి" అన్నాడు.

"అలాగే బాబూ" అన్నాను. ఇరవై కాదు, పాతిక లెక్కపెట్టి బయలుదేరాను. తాడు కుడిచేతివైపే ఉంది. జెండాలు కనిపించాయి, ఆరు బారలు, గోడ. కుర్రవాడు అప్పటికే మూలకు ఒదిగి, నాకు చోటిచ్చి నిలబడి ఉన్నాడు. నడుం నొప్పి సంగతి ఇంటికి వెళ్ళిందాకా నాకు గుర్తే రాలేదు.