గుంజకండి

ట్రాక్టరు ఇంజను పట్టేసిందని చెప్పగానే చుట్టూ చేరినవాళ్ళంతా ఒకటే మాట: "తాడు కట్టి గుంజుర్రి, గేర్ల ఏసి క్లచ్చి ఇడిస్తే అదే తిరుగుతది." ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. దూలపల్లిలో మా పెద్దనాయన షెడ్డులోని హెచ్‌ఎంటీ 2511ని విప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి వచ్చినవాడల్లా ఇదే చెప్పిపోతున్నాడు.

గుంజితే ఏమవుతుంది? చక్రాల బలమంతా గేర్‌బాక్సు మీదుగా క్రాంకుకి చేరుతుంది. పైన రింగులు తుప్పుతో లైనరుకి అతుక్కుని ఉంటాయి. మధ్యలో నలిగేది కనెక్టింగ్ రాడ్డు. సిలిండరులో నీళ్ళుంటే మరీ ప్రమాదం, నీళ్ళు అణగవు కదా! మా ఊళ్ళోనే ఒక నిక్షేపంలాంటి బండి ఇలాగే పోయింది. రాడ్డు వంగింది, పిస్టను పగిలింది, బండి పాత ఇనుము కింద తూకానికి వెళ్ళింది. ఆ తాడు కట్టినవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

ముందు నాజిళ్ళు విప్పాలి. పవర్ స్టీరింగులో పోసే ఎర్ర ఆయిలు, అసిటోను సగం సగం కలిపి ఆ రంధ్రాల్లోంచి పోసి వదిలెయ్యాలి. అసిటోను భగ్గున అంటుకుంటుంది, బీడీలు అల్లంత దూరంలోనే ఆర్పెయ్యాలి. తర్వాత క్రాంకు నట్టుకి పొడుగు పానా పట్టించి కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి. వెంట్రుకవాసి కదిలినా చాలు, ఇంకాస్త ఆయిలు పోసి ఆగాలి.

మాది కదల్లేదు, హెడ్డు లేపాం. రెండు సిలిండర్లలో ఒకటి శుభ్రంగా ఉంది. రెండోదాంట్లో పిస్టను మీద ఎర్రటి బురద, లైనరు చుట్టూ గోరుకి తగిలేంత తుప్పు. బండి ఆగిన రోజు ఆ సిలిండరు ఎగ్జాస్టు వాల్వు తెరుచుకుని ఉండిపోయిందన్నమాట. వానాకాలం సైలెన్సరులో పడిన నీళ్ళన్నీ నేరుగా దిగాయి. తుప్పు గీకి, ఎమిరీ కాగితంతో రుద్ది, పొడి తుడిచేసి, పిస్టను మీద టేకు ముక్క పెట్టి కొట్టాం. ఇనుము తగలనివ్వకూడదు. కదిలిన చప్పుడు విని మా పెద్దనాయన కుర్చీలోంచి లేచి వచ్చాడు.

ఆయనకి అది ద్రాక్షతోటల నాటి బండి. మేడ్చల్, కొంపల్లి చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ పందిళ్ళు ఉన్న కాలంలో ఎరువూ గంపలూ మోసింది. తెల్లవారుజామున తోటలోకి వెళ్తే పందిరి కింద చల్లదనం, చేతులకి అంటే జిగట, గుత్తుల మీద మూగిన తేనెటీగలు... ఆ పండు రుచి ఇప్పుడు బజారులో ఏ ద్రాక్షలోనూ దొరకదు. పందిళ్ళు పోయి విల్లాలు వచ్చాయి. ఇప్పుడిక్కడ ట్రాక్టరు కనిపిస్తే వెనక నీళ్ళ ట్యాంకరే.

చెకోస్లొవేకియా జెటార్ సాయంతో హెచ్‌ఎంటీ 1971లో హర్యానాలోని పింజోర్‌లో ఈ పాతిక హార్స్‌పవర్ బండ్ల తయారీ మొదలుపెట్టింది. ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసెయ్యాలని 2016లో కేంద్రం తీర్మానించింది. ఉన్నవాటిని కాపాడుకోవడమే మిగిలింది. మీ ఇంట్లో అలాంటి బండి ఆరుబయట నిలబడి ఉంటే, తొలకరికి ముందే సైలెన్సరు మూతి మీద ఒక డబ్బా బోర్లించండి.