మామిడికాయ బండి

కొడుకు చేతికి గ్రీజు అంటకూడదనుకున్నాడు ఆ తండ్రి. చివరికి అంటింది... ముప్ఫై ఏళ్ల తర్వాత, అమెరికాలో!

వాకింగుకని వెళ్లిన పెద్దాయన చీకటి పడుతున్నా ఇంటికి రాలేదు. ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ శివార్లు అవి. ఏ వీధి చూసినా ఒకేలా ఉంటుంది. మావయ్యగారు దారి తప్పారేమోనని కోడలు కంగారుపడింది. కొడుకు కారు తీశాడు. రెండు వీధుల అవతల కనిపించాడు తండ్రి. ఎవరిదో పెరటి పక్కన గడ్డిలో బోర్లా పడుకుని, ఓ పాత బండి కిందికి తల దూర్చి ఉన్నాడు!

''లే నాన్నా... ఎవరైనా చూస్తే పోలీసుల్ని పిలుస్తారు.''

''ఇనుము బాగుందిరా. పైనున్న గుడారం కుళ్లిపోయింది గానీ ఛాసిస్ చెడలేదు. అమ్ముతాడేమో అడుగు.''

అది మడతపెట్టే టెంటు ట్రైలర్. ఒకప్పుడు కారు వెనక తగిలించుకుని అడవులకు వెళ్లిన బండి. పదేళ్లుగా వానకు తడిసి, మంచుకు నాని, చెత్తబండి కోసం ఎదురుచూస్తోంది. యజమాని నూటయాభై డాలర్లు చాలన్నాడు. 'ఈ తుప్పు ఎందుకు' అని కొడుకు అనబోయాడు. కానీ తండ్రి ముఖం చూసి ఆగిపోయాడు. 2023 మే నెలలో విమానం దిగినప్పటి నుంచీ ఆ ముఖంలో అంత వెలుగు అతను చూడలేదు.

షెడ్డు గుమ్మం దాటనివ్వలేదు

విజయవాడ ఆటోనగర్ అంటే లారీ బాడీలకు పెట్టింది పేరు. కంపెనీ నుంచి ఇంజినూ, ఛాసిస్సూ వస్తాయి. కేబిన్, తొట్టి, తలుపులు, రంగులు... లారీకి ఓ రూపం వచ్చేది మాత్రం అక్కడి షెడ్లలోనే. పెద్దాయన నలభై రెండేళ్లు ఆ షెడ్లలో మేస్త్రీ. ఆయన చేతుల్లో రూపుదిద్దుకున్న లారీలు ఎన్ని రాష్ట్రాలు తిరిగాయో ఆయనకే లెక్క తెలియదు. అయితే ఏ లారీ మీదా ఆయన పేరు లేదు. కేబిన్ పక్కన చిన్న అక్షరాలతో రాసేది షెడ్డు యజమాని పేరు. అది అక్కడి రివాజు.

ఒక్కగానొక్క కొడుకు పదేళ్లప్పుడు సెలవుల్లో షెడ్డుకొచ్చి, సరదాపడి సుత్తి పట్టుకున్నాడు. తండ్రి ఆ సుత్తి లాక్కున్నాడు. ''మళ్లీ ఈ గుమ్మం దాటావంటే కాళ్లు విరగ్గొడతా'' అన్నాడు. ఆ కోపం వెనక ఉన్నది ప్రేమేనని పిల్లాడికి అర్థం కాలేదు. చదువుకున్నాడు. ఇంజినీరింగులో సీటొచ్చింది. హాస్టల్లో కొత్త స్నేహితుడు 'మీ నాన్నేం చేస్తారు' అనడిగితే ''ఆటోనగర్లో బిజినెస్'' అనేశాడు. వెనక్కి తిరిగి చూస్తే... ఫీజు డబ్బులు పట్టుకుని వరండాలో నిలబడి ఉన్నాడు తండ్రి.

విన్నాడో లేదో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. కానీ ఆ తర్వాత హాస్టల్‌కి వచ్చిన ప్రతిసారీ ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు. గోళ్లలోని గ్రీజు కనపడకుండా కిరసనాయిలుతో చేతులు తోముకుని వచ్చేవాడు. కొడుకు అది గమనించాడు. క్షమించమని అడగడానికి మాత్రం ఇరవై ఏళ్లయినా నోరు రాలేదు. అమెరికాలో ఉద్యోగం, పెళ్లి, పాప, సొంతిల్లు... వారం వారం ఫోను. 'తిన్నావా', 'తిన్నాను', 'ఆరోగ్యం ఎలా ఉంది', 'బాగుంది'. అంతకు మించి ఇద్దరి మధ్యా మాటల్లేవు.

కన్నీటిబొట్టు కాదు!

నూటయాభై డాలర్ల తుప్పుతో ఏం చేయాలి? ఆ సమాధానం కొడుకే వెతికాడు. అమెరికాలో 'టియర్‌డ్రాప్' అనే చిన్న ట్రైలర్లున్నాయి. ముందు గుండ్రంగా లేచి, వెనక్కి వాలిపోతూ, అడ్డంగా పడుకున్న నీటిబొట్టులా ఉంటాయి. లోపల పరుపు ఒక్కటే పడుతుంది. వెనక తలుపు పైకెత్తితే వంటిల్లు. 1930ల నాటి ఆర్థిక మాంద్యంలో, డబ్బుల్లేని కుటుంబాలు సొంతంగా కట్టుకోవడంతో వీటికి ఆదరణ వచ్చింది. చేతిపనుల పత్రికలు నమూనాలు అచ్చువేసేవి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, మిగిలిపోయిన విమానాల అల్యూమినియం రేకులూ, సైన్యం జీపుల చక్రాలూ వీటికి చేరాయి. పెద్ద పెద్ద ట్రైలర్లు వచ్చాక 1960ల నాటికి ఇవి మరుగున పడ్డాయి. అభిరుచి ఉన్నవాళ్లు మళ్లీ కట్టుకోవడంతో 1990ల నుంచి తిరిగి ప్రాణం పోసుకున్నాయి. కొత్తది కొనాలంటే పదివేల డాలర్ల పైమాటే.

''టియర్‌డ్రాప్ అంటే ఏంట్రా?''

''కన్నీటిబొట్టు నాన్నా.''

''ఛ... ఇంట్లోకి తెచ్చుకునే బండికి అదేం పేరు! నాకైతే మామిడికాయలా ఉంది.''

ఎనిమిదేళ్ల మనవరాలు చప్పట్లు కొట్టింది. ఆ క్షణం నుంచి అది మామిడికాయ బండి. ఈలోగా కాలనీ అసోసియేషన్ నుంచి ఉత్తరం వచ్చింది. ఇంటి ముందు ట్రైలర్లు కనపడకూడదట! చేసేదేముంది? కారు ఎండలోకి వచ్చింది, తుప్పు బండి గ్యారేజీలోకి వెళ్లింది.

సుత్తి చెప్పే నిజం

మొదటివారం మొత్తం విప్పడమే. కుళ్లిన గుడ్డ, ఉబ్బిన చెక్క తీసేసరికి ఇనుప చట్రం మిగిలింది. పెద్దాయన చిన్న సుత్తితో అడుగడుగునా కొట్టి చూశాడు. మంచి ఇనుము ఖంగుమంటుంది. లోపల తుప్పు తిన్నది బొద్దుగా పలుకుతుంది. రెండుచోట్ల బొద్దుగా పలికింది. అక్కడ కోసి, కొత్త ముక్కలు వెల్డింగ్ పెట్టించారు. చట్రం మూల నుంచి మూలకు తాడు పట్టి, రెండు కొలతలూ సమానంగా ఉన్నాయో లేదో చూశాడు. తేడా వస్తే చట్రం వంకరపోయినట్టే. ''తాడు అబద్ధమాడదు'' అన్నాడు. బేరింగులు విప్పి, కడిగి, కొత్త గ్రీజు ఎక్కించాల్సి వచ్చింది. అప్పుడు ఆయన గ్రీజు డబ్బా కొడుకు చేతికిచ్చాడు. ఇద్దరూ ఓ క్షణం ఆగారు. ఎవరూ ఏమీ అనలేదు. కొడుకు అరచేతిలోకి గ్రీజు తీసుకున్నాడు.

టైర్ల గాళ్లు బాగానే ఉన్నాయి. అయినా మార్చేశారు. నిలవున్న టైరు పైకి కొత్తగానే కనిపిస్తుంది, దారి మధ్యలో పగులుతుంది.

గొడవ వచ్చింది చెక్క దగ్గర. పెద్దాయన లెక్క ప్రకారం అడుగున మందపాటి దూలాలు, మూలలకు ఇనుప పట్టీలు పడాలి. కొడుకు కారు లాగగలిగేది 680 కిలోలే. ''నాన్నా, నువ్వు కట్టిన లారీ బరువు మోయడానికి. ఇది మనం లాక్కెళ్లడానికి. తేలిగ్గా ఉండాలి.'' పెద్దాయన రెండురోజులు గ్యారేజీ వైపు వెళ్లలేదు. మూడోరోజు పొద్దున్నే కోడలి దగ్గర పెన్సిలు అడిగి తీసుకుని, దూలాలన్నీ సగం మందానికి గీశాడు!

అమెరికాలో ప్లైవుడ్ షీటు నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. చాలా టియర్‌డ్రాప్‌ల పొడవు, ఎత్తు ఆ షీటు కొలతే. వృథా తక్కువ. గ్యారేజీ తలుపు కిందికీ సులువుగా దూరుతుంది. ఒంపు కోసం కొడుకు కంప్యూటర్లో గీత సిద్ధం చేశాడు. పెద్దాయన సన్నటి చెక్కబద్దను వంచి, మేకుల మధ్య నిలిపి, దాని వెంటే పెన్సిలు పోనిచ్చాడు. రెండూ పక్కపక్కన పెట్టి 'ఏది బాగుంది' అని పాపని అడిగారు. పాప తాతయ్య గీతనే చూపించింది.

పైకప్పుకి మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్. మొదటి షీటు వంచుతుంటే ఫెళ్లున విరిగింది. రెండోదాన్ని వేణ్నీళ్లతో తడిపి, బెల్టులతో రాత్రంతా బిగించి ఉంచారు. తెల్లారేసరికి మాట విన్నది. దానిపైన అల్యూమినియం రేకు, అతుకుల్లో బంక టేపు. వాన పరీక్షకి పాపని టార్చిలైటుతో లోపల కూర్చోబెట్టి, కోడలు పైపుతో నీళ్లు కొట్టింది. ''తాతయ్యా, కారుతోంది!'' వెనక తలుపు బందుల దగ్గర లీకు. మూడుసార్లు విప్పి బిగించాక గానీ లోపలి నుంచి కేకలు ఆగలేదు.

లైట్లూ ఏడిపించాయి. ఎడమ ఇండికేటరు వేస్తే లైట్లన్నీ మిణుకుమిణుకుమన్నాయి. కొడుకు తీగల రంగులన్నీ సరిచూశాడు. గోధుమరంగు వెనక లైటుకి, పసుపు ఎడమకి, ఆకుపచ్చ కుడికి, తెలుపు ఎర్త్‌కి. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పెద్దాయన వంగి చూసి ''ఎర్త్ స్క్రూ కింద రంగుందిరా'' అన్నాడు. అక్కడ కొత్తగా వేసిన పెయింటు గీకేయగానే లైట్లు బుద్ధిగా వెలిగాయి.

ఆ సాయంత్రం రోడ్డు మీద...

సెప్టెంబరులో ట్రయల్. పాపని ఇంట్లోనే ఉంచి, తండ్రీకొడుకులిద్దరే వెళ్లారు. గంటకు 80 కిలోమీటర్ల వేగం అందుకోగానే అద్దంలో ట్రైలర్ తోక ఊపడం మొదలెట్టింది. అటూ ఇటూ... అటూ ఇటూ... కారుని కూడా లాగేస్తోంది. కొడుకు కాలు బ్రేకు మీదికి వెళ్లబోయింది. ''తొక్కకు! స్టీరింగ్ కదలనీకు. యాక్సిలేటర్ వదిలెయ్'' అన్నాడు తండ్రి. గొంతు పెంచలేదు. కారు నెమ్మదించింది. ఊపు తగ్గింది. రోడ్డు పక్కన ఆపాక కొడుకు చేతులు వణుకుతూనే ఉన్నాయి.

''అన్నీ లెక్కేశాను నాన్నా. ఇదెలా మరిచిపోయాను?''

''నేనూ చూసుకోవాలి కదరా. వెనక బరువెక్కువైంది.''

వంటిల్లు వెనకే ఉంది. దాని పక్కన బ్యాటరీ, నీళ్ల క్యాను పెట్టేశారు. బండి మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం ముందున్న కొక్కెం మీద పడాలి. అంతకు తగ్గితే వేగంలో తోక ఊగుతుంది. ఇంటికొచ్చి బాత్రూములోని తూకం యంత్రం మీద కొక్కేన్ని ఆనించి చూశారు. మొత్తం 535 కిలోల బండికి ముందు పడుతున్నది 27 కిలోలే. బ్యాటరీనీ, నీళ్లనూ ముందుకు మార్చాక 61 చూపించింది. రెండో ట్రయల్లో బండి గీత గీసినట్టు నడిచింది. బరువు తూయించిన చీటీ చూపించి రిజిస్ట్రేషన్ చేయించారు. ఈ పద్ధతి ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది. అన్నీ కలిపి ఖర్చు మూడువేల డాలర్లకు లోపే తేలింది.

అక్టోబరులో హాకింగ్ హిల్స్ వెళ్లారు. కొలంబస్‌కి గంట దూరంలో ఉన్న అడవి. ఇసుకరాతి గుహలు, జలపాతాలు, ఎర్రబారిన మేపుల్ ఆకులు. రాత్రి తాతా మనవరాలూ బండిలో, మొగుడూ పెళ్లాలు పక్కన టెంటులో. చలిగా ఉంది, లోపలే పొయ్యి వెలిగించుకుందామంది పాప. తాతయ్య ఒప్పుకోలేదు. మూసిన బండిలో మంట పెడితే కనపడని విషవాయువు కమ్మేస్తుంది. వంటిల్లు బయటికి తెరుచుకునేలా కట్టేది అందుకు కూడా! గాలికోసం పైన చిన్న ఫ్యాను తిరుగుతోంది. వెనక తలుపు కింద కోడలు ఉప్మా తిప్పుతుంటే, పక్క టెంటులోని అమెరికన్ వచ్చి బండి చుట్టూ తిరిగాడు. ఎక్కడ కొన్నారని అడిగాడు.

''కొనలేదు. మా నాన్న కట్టారు'' అన్నాడు కొడుకు. ''మా నాన్న లారీ బాడీలు కట్టే మేస్త్రీ. నలభై రెండేళ్ల అనుభవం.''

పెద్దాయనకి ఇంగ్లిషు రాదు. కానీ ఆ వాక్యంలో 'లారీ', 'మేస్త్రీ' రెండూ తెలిసిన మాటలే. ప్లేటు పట్టుకుని అటు తిరిగి చాలాసేపు చెట్లని చూస్తూ ఉండిపోయాడు.

నవంబరులో తిరుగు ప్రయాణం. బయల్దేరే ముందురోజు కొడుకు ఆయన్ని గ్యారేజీలోకి పిలిచాడు. బండి పక్కన, తలుపు కింద, తడి ఆరని ఎర్రరంగు అక్షరాలు. 'బాడీ బిల్డర్' అని రాసి, కింద తండ్రి పేరు, ఆ పక్కన మేస్త్రీ, విజయవాడ. తెలుగు రాసి చాలా ఏళ్లయింది. 'మేస్త్రీ'లో రావత్తు ఎగిరిపోయి 'మేస్తీ' అయింది.

పెద్దాయన కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివాడు. ''తప్పు రాశావురా'' అన్నాడు.

''అయ్యో, చెరిపేసి మళ్లీ రాస్తా నాన్నా.''

''వద్దు, ఉండనీ. లారీ మీద రాతన్నాక తప్పుండాలి'' అంటూ చెయ్యి పట్టుకుని ఆపాడు. ఇద్దరి చేతులకీ ఎర్రరంగు అంటింది. కిరసనాయిలు ఎక్కడుందని ఈసారి ఆయన అడగలేదు.